వేడెక్కాక కారు ఆగిపోతోందా? లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పొద్దున మొదటి సెల్ఫ్‌కే బండి అందుకుంటుంది. ఊరు దాటేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. ముప్పావు గంట నడిచాక, ఎండ నడినెత్తికొచ్చే వేళకి, టోల్‌గేటు క్యూలోనో ఫ్లైఓవర్ మీదో టక్కున ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ అవ్వదు. బానెట్ ఎత్తిపెట్టి, టీ తాగి, నలుగురి సలహాలూ విని వచ్చేసరికి ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ వీధి చివరిదాకా ఒక రౌండు కొట్టి వచ్చి "బాగానే ఉంది కదా సార్" అంటాడు.

ఆయన అబద్ధం చెప్పట్లేదు. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్తే థర్మామీటర్‌లో ఏం కనిపిస్తుంది? ఈ లోపం వేడిలోనే ఉంటుంది, చల్లబడగానే మాయమవుతుంది. కాబట్టి దీన్ని పట్టుకునే అవకాశం షెడ్డులో కంటే రోడ్డు మీదే ఎక్కువ. బండి ఆగిన మొదటి పది నిమిషాల్లో మీరు చూసిన నాలుగు విషయాలు, తర్వాత షెడ్డులో పెట్టే నాలుగు వేల రూపాయల ఖర్చును ఆపుతాయి. అవి చూడకుండా పంపు మార్చు, కాయిల్ మార్చు, బ్యాటరీ మార్చు అంటూ పోతే సగం బండి కొత్తదవుతుంది, జబ్బు మాత్రం పాతదే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోల్ కొట్టే) కార్ల గురించి. మన రోడ్ల మీద పదేళ్లు దాటిన చిన్న కార్లలో అవే ఎక్కువ. కార్బురేటర్, గ్యాస్ కిట్టు, డీజిల్ సంగతులు చివర్లో విడిగా ఉన్నాయి.

ముందు ఒక తేడా తేల్చుకోండి

వేడెక్కాక ఆగడం వేరు, ఓవర్‌హీట్ అయి ఆగడం వేరు. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లినా, ఎర్రలైటు వెలిగినా, బానెట్ కింద ఆవిరి కనిపించినా మీది కూలింగ్ సమస్య. రేడియేటర్ ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్ వైపు వెళ్లాలి. అలాంటప్పుడు మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. రేడియేటర్ మూత అసలు ముట్టుకోవద్దు, వేడి నీళ్లు ఎగజిమ్మి మొహం కాలుతుంది. ఈ వ్యాసం ముల్లు మామూలు చోటే ఉండి ఆగిపోయే బండి గురించి.

మామూలు వేడికే ఎందుకు ఆగుతుంది? కొన్ని రకాల సెన్సర్లు, కాయిళ్లు, పంపు మోటారు, రిలేల లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. రాగికి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే రెసిస్టెన్స్ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే సుమారు 30 శాతం. బాగున్న భాగానికి అదొక లెక్క కాదు. లోపల తీగ చిట్లి ఉన్నా, టాంకం వదులై ఉన్నా, వేడికి వ్యాకోచించి ఆ సందు తెరుచుకుంటుంది. చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది.

ఇంకో సంగతి. ఇంజన్ ఆపగానే బానెట్ కింద వేడి వెంటనే తగ్గదు, కాసేపు పెరుగుతుంది. కూలెంట్ తిరగదు, గాలి తగలదు, ఇంజన్ దిమ్మలోని వేడి చుట్టూ ఉన్న సామానుకి పాకుతుంది. అందుకే హైవే మీద గంటసేపు బాగా నడిచిన బండి, హోటల్ దగ్గర పావుగంట ఆపి వచ్చాక మొరాయిస్తుంది. మీ బండి నడుస్తూ ఆగుతోందా, ఆపి వచ్చాక స్టార్ట్ అవ్వట్లేదా, రెండూనా? ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

డిక్కీలో ఉండాల్సినవి

పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఒక స్పార్క్ టెస్టర్, రెండు గుడ్డలు, రెండు లీటర్ల నీళ్లు, చేతి తొడుగులు, టార్చి లైటు. వీటికి తోడు ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే ఈఎల్ఎం327 రకం ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివేది) ఉంటే సగం పని అయినట్టే. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది కాబట్టి వాటిలో ఇది పనిచేస్తుంది. అంతకుముందువాటిలో కొన్నింటికి కలుస్తుంది, కొన్నింటికి కలవదు. ముందే ఇంటి దగ్గర పెట్టి చూసుకోండి. రోడ్డు పక్కన నిలబడి యాప్ డౌన్‌లోడ్ చేసుకునే టెన్షన్ ఎందుకు?

మొదటి అడుగు: ఆగే క్షణంలో ఏం జరిగిందో చూడండి

బండి నడుస్తూ ఆగితే ముందు ప్రాణం సంగతి. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసుకోండి. ఇంజన్ ఆగాక స్టీరింగ్ బిగుసుకుంటుంది, కానీ తిరుగుతుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్ల వరకే తేలిగ్గా పడుతుంది, తర్వాత గట్టిగా తొక్కాలి. అందుకని పంపు కొట్టినట్టు పదేపదే తొక్కకుండా ఒకేసారి అదిమి పట్టండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం చెవి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఇక చూడాల్సింది: ఎలా ఆగింది? తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు లేదా సెన్సర్ వైపు అనుమానం. ముందు పికప్ పడిపోయి, యాక్సిలరేటర్ తొక్కినా లాగక, రెండు మూడు కుదుపులిచ్చి ఆగితే పెట్రోల్ వైపు. పరిగెత్తేటప్పుడు బాగానే ఉండి, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగితే అది ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడం) జబ్బు, దాని దారే వేరు.

ఆర్‌పీఎం ముల్లు ఉన్న బండైతే ఇంకో మంచి ఆనవాలు ఉంది. 60 వేగంతో గేర్లో వెళ్తుండగా ఇంజన్ పోయిందనుకోండి. క్లచ్ తొక్కలేదు కాబట్టి చక్రాలు ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటాయి. పెట్రోల్ అందకే పోతే ముల్లు వేగంతోపాటు మెల్లగా దిగుతుంది. ముల్లు మాత్రం ఒక్క ఉదుటున సున్నాకు పడిపోయిందంటే, ఇంజన్ తిరుగుతున్నా ఆ సంగతి ఈసీయూకు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) తెలియట్లేదన్నమాట. క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పే సెన్సర్), దాని వైరింగ్, లేదా ఈసీయూకు వచ్చే కరెంటు, ఈ మూడింట్లో ఒకటి. ఆ ఒక్క చూపుతో సగం అనుమానాలు కొట్టేయొచ్చు. పక్క సీట్లో ఎవరైనా ఉంటే ముల్లు మీద కన్నేయమని ముందే చెప్పి ఉంచండి.

డాష్‌బోర్డు లైట్లు కూడా చూడండి. ఇంజన్ ఆగితే బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలగడం మామూలే. అలా కాకుండా మొత్తం డాష్‌బోర్డే ఒక్క క్షణం ఆరిపోయి వస్తే ఇగ్నిషన్ స్విచ్చి, బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు దగ్గర వదులు ఉంది.

రెండో అడుగు: పది నిమిషాల పరీక్ష

బండి పక్కకు తీశాక చల్లబడేదాకా ఆగొద్దు. వరసగా ఇవి చూడండి.

తాళం ఆఫ్ చేసి పది సెకన్లు ఆగండి. స్టీరియో, ఏసీ అన్నీ కట్టేసి, తాళం ఆన్‌లో పెట్టి వెనక సీటు వైపు చెవి పెట్టండి. పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు 'ఊఁ' అని తిరిగి ఆగాలి. లారీల హోరులో వినపడకపోతే, పక్కనున్నవాళ్లని తాళం వేయమని మీరు వెనక సీటు దగ్గర లేదా పెట్రోల్ మూత తీసి వినండి. ఇదే సమయంలో చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా చూడండి. తాళం ఆన్‌లో ఆ లైటు అసలు వెలగకపోతే ఈసీయూకే కరెంటు అందట్లేదేమో అనుమానించాలి.

తర్వాత ఐదారు సెకన్లు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. బాగున్న బండిలో ముల్లు కొంచెమైనా కదులుతుంది. కొన్ని మోడళ్లలో ఆ కాస్త కదలిక కనపడదు. ఓబీడీ యాప్‌లో లైవ్ డేటా పెడితే 200 నుంచి 300 దాకా అంకె రావాలి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా యాప్‌లో సున్నా చూపిస్తే, ముందే చెప్పిన సెన్సర్ దారి పట్టండి.

మూడోది స్పార్క్. టెస్టర్‌ను ప్లగ్గు వైరుకు లేదా కాయిల్‌కు తగిలించి, రెండో కొస ఇంజన్ బాడీకి గట్టిగా ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, టకటకమని రావాలి. చేత్తో వైరు పట్టుకుని చూసే పాత అలవాటు మానుకోండి, ఇప్పటి కాయిళ్లు వేల వోల్టులు కొడతాయి. స్పార్క్ చూసే చోట పెట్రోల్ వాసన వస్తుంటే ఆ పరీక్షే చేయొద్దు.

నాలుగోది పెట్రోల్ ట్యాంకు మూత. తీయగానే 'ఉస్సు'మని గాలి గట్టిగా లోపలికి పోతే, అలా తీశాక బండి వెంటనే స్టార్ట్ అయితే, ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. ఖర్చు లేని పరీక్ష కాబట్టి వదలొద్దు.

ఇవి నాలుగూ ఫోనులో రాసుకోండి: పంపు శబ్దం ఉందా, ఆర్‌పీఎం ఉందా, స్పార్క్ ఉందా, మూత దగ్గర ఏమైంది. టెంపరేచర్ ఎంత, పెట్రోల్ ఎన్ని గీతలు, ఏసీ ఆన్‌లో ఉందా అన్నది కూడా.

పంపు మార్చే ముందు ఇది చదవండి

డబ్బులు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. తాళం ఆన్ చేయగానే ఈసీయూ పంపును రెండు మూడు సెకన్లే తిప్పుతుంది. ఆ తర్వాత ఇంజన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తేనే పంపు రిలేను మళ్లీ కలుపుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగిపోతే పెట్రోల్ కారుతూ ఉండకూడదని పెట్టిన ఏర్పాటు. దీని ఫలితం ఏమిటంటే, క్రాంక్ సెన్సర్ చచ్చిపోతే స్పార్కూ ఉండదు, ఇంజెక్టర్లూ కొట్టవు, సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపూ తిరగదు. మెకానిక్ సెల్ఫ్ కొట్టించి, పైపు పీకి చూసి, "పెట్రోల్ రావట్లేదు సార్, పంపు పోయింది" అంటాడు. మూడు నాలుగు వేలు పెట్టి పంపు మారుస్తారు. ఈలోగా బండి చల్లబడి ఉంటుంది కాబట్టి స్టార్ట్ కూడా అవుతుంది! వారం తర్వాత మళ్లీ మొదలు.

కాబట్టి గుర్తు ఇది. తాళం ఆన్‌లో పంపు శబ్దం వినిపించి, సెల్ఫ్‌లో ఆర్‌పీఎం సున్నా ఉంటే పంపు జోలికి వెళ్లొద్దు. ఆర్‌పీఎం ఉండి, స్పార్క్ ఉండి, పంపు శబ్దమే లేకపోతే అప్పుడు పంపు వైపు చూడండి.

మూడో అడుగు: ఆర్‌పీఎం లేకపోతే క్రాంక్ సెన్సర్

వేడికి ఆగి చల్లారాక నడిచే బండ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే. చిటికెన వేలంత భాగం, గేర్‌బాక్స్ ఇంజన్‌కు కలిసే చోట ఫ్లైవీల్ దగ్గరో, ముందు క్రాంక్ పుల్లీ పక్కనో ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. రెండు చోట్లా వేడి ఎక్కువే.

రోడ్డు మీద చేయగలిగిన పరీక్ష తడిగుడ్డ. గుడ్డను నీళ్లలో ముంచి పిండి, సెన్సర్ ఒంటి మీద మాత్రమే చుట్టినట్టు పెట్టండి. రెండు నిమిషాలకోసారి మార్చండి. మిగతా ఇంజన్ ఇంకా కాలుతూనే ఉండగా, సెన్సర్ ఒక్కటి చల్లబడగానే బండి స్టార్ట్ అయిందా? ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. నీళ్లు మాత్రం గుమ్మరించొద్దు. కాలిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము చిట్లుతుంది. ఎగ్జాస్ట్ మధ్యలోంచి చెయ్యి పెట్టాల్సిన బండిలో ఈ పరీక్షే వద్దు, ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

ఇంటి దగ్గర మల్టీమీటర్‌తో చూసేటప్పుడు సెన్సర్ ఏ రకమో ముందు తెలుసుకోండి. అయస్కాంతం, తీగ చుట్ట ఉన్న రకానికి రెండు పిన్నులుంటాయి (కొన్నింటికి షీల్డు వైరుతో కలిపి మూడు). దీనికి ఓములు కొలవొచ్చు. సాధారణంగా కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు ఓముల దాకా ఉంటుంది, అసలు అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. చల్లగా కొలిస్తే సరిగ్గానే వస్తుంది, అక్కడే చాలామంది "సెన్సర్ బాగుంది" అని వదిలేస్తారు. మీటరు తగిలించి ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగైదు నిమిషాలు వేడి చేయండి. అంకె మెల్లగా పెరగడం సహజం. ఉన్నట్టుండి 'ఓఎల్' అని చూపించిందా, లోపల తీగ తెగి ఉన్నట్టే. తీగ చుట్ట బదులు చిప్‌తో పనిచేసే హాల్ రకం సెన్సర్లకు ఓములు కొలిచి లాభం లేదు. వాటికి 5 లేదా 12 వోల్టుల సప్లై, ఎర్త్ వస్తున్నాయా చూసి, ఇంజన్ తిప్పినప్పుడు సిగ్నల్ వైరులో వోల్టేజీ ఎగసిపడుతోందా చూడాలి.

సెన్సర్‌ను తిట్టేముందు దాని కప్లర్ విప్పి చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు, లోపలికి పాకిన ఆయిల్, వదులైన లాక్, ఎగ్జాస్ట్‌కు ఆనుకుని కరిగిన వైరు తొడుగు, ఇవన్నీ సరిగ్గా సెన్సర్ పోయినట్టే కనిపిస్తాయి. సెన్సర్ కొనకు ఇనుప రజను అంటుకున్నా ఇదే కథ.

స్కానింగ్‌లో పీ0335 కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ అని, పీ0340 వస్తే క్యామ్ సెన్సర్ అని అర్థం. కోడ్ రాలేదు కదా అని సెన్సర్‌కు క్లీన్‌చిట్ ఇవ్వకండి. సిగ్నల్ ఒక్కసారిగా ఆగితే, ఇంజన్ మామూలుగా ఆగిందని ఈసీయూ అనుకుని ఊరుకునే సందర్భాలు చాలా ఉంటాయి. లైవ్ డేటాలోని సున్నాయే నమ్మదగిన సాక్షి.

మారిస్తే కంపెనీ సెన్సర్ వేయించండి. చవక డూప్లికేట్లు కొత్తగా ఉండగానే వేడికి ఇదే పని చేస్తాయి, అప్పుడు మీరు సరైన రోగం పట్టుకుని కూడా దారి తప్పుతారు.

నాలుగో అడుగు: ఆర్‌పీఎం ఉంది, స్పార్క్ ఉంది, పెట్రోల్ లేదు

ట్యాంకులో మునిగి ఉండే పంపు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఐదొందలకు ఒకసారి, రెండొందలకు ఒకసారి కొట్టించుకుంటూ ఎప్పుడూ రిజర్వు లైటు మీదే తిరిగే బండిలో పంపు త్వరగా అలిసిపోతుంది. మే నెలలో, రెంటచింతల, రామగుండం ఎండల్లో అయితే చెప్పక్కర్లేదు. ఫుల్ ట్యాంకుతో రాని జబ్బు పావు ట్యాంకుకు దిగాక వస్తోందంటే పంపు మీద అనుమానం బలపడుతుంది.

పంపు తిరగట్లేదనుకున్నప్పుడు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితోనో మడమతోనో రెండు దెబ్బలు వేయించి, అదే సమయంలో తాళం ఆన్ చేయండి. దెబ్బకు తిరిగితే మోటారు బ్రష్‌లు అరిగాయి. ఆ రోజు ఇల్లు చేరొచ్చు, తర్వాత మార్చాల్సిందే. దెబ్బకూ తిరగకపోతే పంపు కప్లర్ దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర కంటే ఒక వోల్టుకు మించి తక్కువ ఉండకూడదు. అక్కడ కరెంటే రాకపోతే పంపు నిర్దోషి, రిలే, ఫ్యూజు, వైరింగ్, ఎర్త్ చూడాలి.

పంపు తిరుగుతున్నా బండి లాగకపోతే ప్రెషర్ గేజ్ పెట్టించాలి. చాలా ఎంపీఎఫ్‌ఐ కార్లలో 3 బార్ అటూఇటూ ఉంటుంది. గేజ్‌ను కట్టి ఉంచి, బండి వేడెక్కి ఇబ్బంది పెట్టేదాకా నడిపి చూడడమే అసలు పరీక్ష. చల్లగా 3 ఉండి, వేడిలో మెల్లగా 2కు దిగితే పంపు బలహీనమైంది లేదా స్ట్రెయినర్ (పంపు మూతి దగ్గరి జల్లెడ), ఫిల్టర్ మట్టిపట్టాయి. పాత కారైతే ఇంకో సంగతి: ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ ట్యాంకులోని పాత మడ్డిని వదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది, నీటిని కూడా పీల్చుకుంటుంది. పదేళ్లుగా స్ట్రెయినర్ మార్చని బండికి ఇప్పుడు మార్చడం మంచిదే.

నడుస్తూ ఆగదు, వేడిగా ఉండగా పావుగంట ఆపి వచ్చాకే సతాయిస్తుంది అన్నవాళ్లు ఒక చిన్న పని చేయండి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని మూడుసార్లు, ప్రతిసారీ పంపు శబ్దం ఆగేదాకా ఉంచి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. అలా చేస్తే వెంటనే అందుకుంటోందా? పైపులో ప్రెషర్ నిలవట్లేదు. పంపులోని నాన్‌రిటర్న్ వాల్వో, కారుతున్న ఇంజెక్టరో కారణం. ప్రెషర్ పడిపోయాక ఆ వేడికి పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది.

ఒక హెచ్చరిక. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లలో, కామన్ రైల్ డీజిళ్లలో హైప్రెషర్ పైపులు మీరు విప్పొద్దు. అక్కడ ప్రెషర్ వందల బార్లలో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఐదో అడుగు: ఆర్‌పీఎం ఉంది, స్పార్క్ లేదు

ఇక్కడ కొంచెం లెక్కగా ఆలోచించాలి. ప్రతి సిలిండరుకూ సొంత కాయిల్ ఉన్న బండిలో ఒక కాయిల్ పోతే బండి మిస్సింగ్ కొడుతుంది, వణుకుతుంది, అంతేగానీ ఆగిపోదు. అన్ని కాయిళ్లూ ఒకేసారి చావవు. అన్నిటికీ స్పార్క్ లేకపోతే వాటికి వచ్చే ఉమ్మడి కరెంటు చూడండి. టెస్ట్ ల్యాంప్ పెడితే అర నిమిషం పని.

అన్ని సిలిండర్లకూ ఒకే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండైతే కాయిల్ లేదా ఇగ్నైటర్ మాడ్యూల్ మీదే నేరుగా అనుమానం. తడిగుడ్డ పరీక్ష వీటికీ చెల్లుతుంది. ఇక్కడా చల్లగా కొలిచిన ఓములకు విలువ లేదు.

ఆరో అడుగు: స్పార్కూ లేదు, పంపూ లేదు, చెక్ ఇంజన్ లైటూ లేదు

ఈసీయూకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే మీద పడండి. డాష్‌బోర్డు కింద ఉండే రిలేలు మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో బాగా వేడెక్కుతాయి. అద్దాలు దించి కాసేపు గాలి ఆడాక బండి స్టార్ట్ అవుతోందంటే ఇదే కావొచ్చు. అదే నంబరున్న హారన్ రిలేనో ఫ్యాన్ రిలేనో దీని స్థానంలో వేసి చూడండి. పాత రిలే మూత ఊడదీసి, సర్క్యూట్ ప్లేటు అడుగున టాంకం చుక్కల్ని భూతద్దంలో చూస్తే, ఒక్కోసారి పిన్ను చుట్టూ సన్నటి నల్లటి వలయం కనిపిస్తుంది. వెంట్రుకంత పగులు. చల్లగా ఉంటే తగులుతుంది, వేడెక్కితే వదిలేస్తుంది. కొత్తది వందల్లో వస్తుంది, దాన్ని టాంకం పెట్టి సర్దుకోవడం కంటే మార్చడమే నయం.

తర్వాత ఎర్త్. మల్టీమీటర్ ఎర్ర తీగను ఇంజన్ దిమ్మకు, నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు అటూఇటూ ఉంటే సరే, 0.5 దాటితే ఎర్త్ స్ట్రాప్ విప్పి గీకి బిగించాల్సిందే. బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయా చూడడం మరిచిపోవద్దు. పది తాళాల గుత్తి వేలాడుతున్న ఇగ్నిషన్ స్విచ్చి ఉంటే, ఇంజన్ నడుస్తుండగా తాళాన్ని కాస్త కదిపి చూడండి. ఈ పరీక్ష బండి కదలకుండా ఒకచోట నిలబడి ఉన్నప్పుడే.

అన్నిటికంటే చికాకు పెట్టేది తర్వాత పెట్టించిన వైరింగ్. రిమోట్ సెంట్రల్ లాక్‌తో వచ్చే ఇంజన్ కట్, జీపీఎస్ ట్రాకర్ రిలే, దొంగల భయానికి పెట్టించిన రహస్య స్విచ్చి, ఇవి ఇగ్నిషన్ వైరును కోసి మధ్యలో కలుపుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు అలాంటిది ఉందనే తెలియదు. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ విప్పి నల్ల టేపు చుట్టిన జాయింటు కనిపిస్తే ముందు దాన్ని తీసేసి, వైరు నేరుగా కలిపించి, వారం నడిపి చూడండి.

కాలు తీయగానే ఆగే బండి

పైవన్నీ ఒక్కసారిగా ఆగే బండ్ల కథ. ఐడ్లింగ్‌లో మాత్రమే ఆగేదానికి కారణం వేరు. చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కొట్టించి, ఇంజన్‌ను వెయ్యికి పైన తిప్పుతుంది. ఆ ఉదారత లోపాలన్నిటినీ కప్పేస్తుంది. వేడెక్కాక 750, 800కు దించి పెట్రోల్ లెక్కగా ఇస్తుంది. అప్పుడు బయటపడతాయి.

ముందు థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ శుభ్రం చేయించండి. పదింట సగం బండ్లు ఇక్కడే బాగుపడతాయని నా అభిప్రాయం. తర్వాత ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు పైపు మడతల్లో చీలిక ఉందేమో వంచి చూడండి. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి సర్దుతోందో చెప్పే అంకె) ఐడ్లింగ్‌లో 20 దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర 5 లోపుకు వస్తే ఎక్కడో గాలి లీకవుతోంది. ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ రెండూ ఇంజన్ వేడెక్కాకే పని మొదలుపెడతాయి. తెరుచుకుని ఇరుక్కుపోతే ఐడ్లింగ్ కూలుతుంది. పర్జ్ వాల్వ్ పైపును కాసేపు నొక్కి పట్టి చూస్తే తేలిపోతుంది. ఫుల్ ట్యాంకు కొట్టించిన వెంటనే బంకులోనే మొరాయించే బండికి కూడా ఇదే.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను యాప్‌లో సరిచూడండి. పూర్తిగా వేడెక్కిన ఇంజన్‌కు 85 నుంచి 100 దాకా చూపాలి. వేడి ఇంజన్‌కు మైనస్ 40 చూపితే వైరు తెగింది, ఈసీయూ మంచులో ఉన్నాననుకుని పెట్రోల్ ముంచేస్తోంది. ప్లగ్గులు నల్లగా తడిసి ఉంటాయి.

ఇవేవీ కాకపోతే వాల్వ్ క్లియరెన్స్. స్క్రూతో సర్దే వాల్వ్‌లున్న ఇంజన్లు, ముఖ్యంగా గ్యాస్ మీద ఎక్కువ తిరిగినవి, వాల్వ్ సీటు అరిగి సందు తగ్గిపోతుంది. వేడికి వాల్వ్ పొడవు పెరిగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. వేడిలో కంప్రెషన్ కొలిపిస్తే దొరుకుతుంది.

కార్బురేటర్, గ్యాస్ కిట్టు, డీజిల్

కార్బురేటర్ బండ్లలో వేపర్ లాక్ పాత పరిచయమే. మెకానికల్ పంపు, పైపు ఇంజన్ వేడికి కాగి లోపల పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేస్తే కదులుతుంది. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడమే శాశ్వత మందు. పాయింట్లున్న అంబాసిడర్, పద్మినిలకు మాత్రం ముందు కండెన్సర్ మార్చి చూడండి.

గ్యాస్ కిట్టు ఉంటే మొదట వారం రోజులు పెట్రోల్ మీదే నడపండి. జబ్బు పోతే కిట్టు వైపు, పోకపోతే బండి వైపు. కిట్టు వైరింగ్ పెట్రోల్ ఇంజెక్టర్ల మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి పెట్రోల్‌లో ఆగినా ఆ జాయింట్లు చూడాల్సిందే.

కామన్ రైల్ డీజిల్‌లోనూ క్రాంక్ సెన్సర్ కథ ఇదే. దానికి తోడు ఇంకోటి: వేడికి డీజిల్ పలుచబడుతుంది. ఇంజెక్టర్లు అరిగి రిటర్న్‌కు (ట్యాంకుకు తిరిగిపోయే పైపుకు) ఎక్కువ వదిలేస్తుంటే, సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ప్రెషర్ కావలసినంత చేరదు, ఈసీయూ ఇంజెక్టర్లు తెరవదు. చల్లగా ఒక్క సెల్ఫ్, వేడిగా పది సెల్ఫ్‌లు అన్న డీజిల్‌కు ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్ చేయించండి. దానికి ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు

మీరు రాసుకున్నది మెకానిక్‌కు చూపించండి. "వేడెక్కితే ఆగుతోంది అన్నా" అని చెప్పడానికీ, "నలభై నిమిషాలకు ఒక్కసారిగా ఆగింది, తాళం ఆన్‌లో పంపు శబ్దం ఉంది, సెల్ఫ్‌లో ఆర్‌పీఎం సున్నా" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. వీలైతే పొద్దున కాకుండా మధ్యాహ్నం, బండి వేడి మీద ఉండగా తీసుకెళ్లండి. ఇంటి దగ్గరే జబ్బు రప్పించాలనుకుంటే ఆరుబయట, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఏసీ ఆన్ చేసి టెంపరేచర్ చూస్తూ అరగంట ఐడ్లింగ్‌లో ఉంచండి. మూసిన గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఒకసారికి ఒక్క భాగమే మార్పించండి, తీసిన పాతది ఇంటికి తెచ్చుకోండి. మార్చాక వీధి చివరి రౌండుతో సరిపెట్టొద్దు. ఏ ఎండలో, ఏ దూరంలో ఆగేదో అంతే నడిపి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తకుండా పావుగంట నిలిపి, మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వరసగా మూడు మధ్యాహ్నాలు మొదటి సెల్ఫ్‌కే అందుకుంటేనే దూరప్రయాణం పెట్టుకోండి.